వైకుంఠరావుగారి సహజ ధోరణి

పద్నాలుగు నెలల తర్వాత నూకల వైకుంఠరావు మాట్లాడబోతున్నాడని తెలిసి, ఆదివారం పొద్దున్నే చుట్టాలంతా కాకినాడలో ఆయన మంచం చుట్టూ చేరారు. వచ్చినవాళ్ళకి ఇడ్లీలు హోటలు నుంచి తెప్పించారు.

ఆయన జబ్బు పేరు పలకడానికి చుట్టాల్లో ఎవరికీ నోరు తిరగదు గానీ, దాని వరస మాత్రం అందరికీ తెలుసు. ముందు కాళ్ళు పోయాయి. తర్వాత చేతులు, ఆ తర్వాత గొంతు. కళ్ళు మాత్రం కొన్నాళ్ళు ఆడాయి. అవునంటే పైకి చూడాలి, కాదంటే కిందకి చూడాలి అని ఇంటిల్లిపాదీ ఒక ఒప్పందానికి వచ్చేలోపే అవి కూడా ఆగిపోయాయి. ఇంక మిగిలినవి చెవులూ, బుర్రా. ప్రత్యుత్తరాల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు సూపరింటెండెంటు దాకా పనిచేసిన మనిషి గనక, రెండోది పెద్దగా అరగలేదు.

ఊళ్ళో ఒక ఇంజనీరింగు కాలేజీలో పరిశోధన చేస్తున్న హిమజ అనే అమ్మాయి ఆయన తలకి ఒక టోపీ తొడిగింది. టోపీ నిండా వైర్లు. చెవుల్లో పెట్టిన బిరడాల్లోంచి ఒక గొంతు నెమ్మదిగా పిలుస్తూ ఉంటుంది: అచ్చులు... క వర్గం... చ వర్గం... ట వర్గం... కావలసింది వినపడగానే వైకుంఠరావు మనసులో ఒక్కసారి 'ఆఁ' అనుకోవాలి. అనుకుంటే మెదడులో చిన్న అల లేస్తుంది. దాన్ని కంప్యూటరు పట్టుకుంటుంది. తర్వాత అక్షరం, తర్వాత గుణింతం, ఒత్తు ఉంటే ఒత్తు. కన్ను కదపక్కర్లేదు, రెప్ప వెయ్యక్కర్లేదు. మామూలు అక్షరానికి నిమిషంన్నర. ఒత్తుంటే మూడు నిమిషాలు.

"ముందు దేవుడి పేరు తలుచుకుంటారు," అంది భార్య భ్రమరాంబ.

"నాకు థాంక్సు చెప్తారేమో. అలాంటివేం వద్దని ముందే చెప్పండమ్మా," అన్నాడు బావమరిది కొండలరావు, హిమజ వేపు తిరిగి. పద్నాలుగు నెలల కిందట ఆ గదిలో గోడకి పెద్ద టీవీ తగిలించింది ఆయనే.

ఆరు నిమిషాలు ఎవరూ ఇడ్లీ ముట్టలేదు. తెర మీద మాట పడింది.

'టీవీ ఆపు.'

బావగారికి కాలక్షేపంగా ఉంటుందని కొండలరావు పెట్టించిన టీవీ రోజుకి పదహారు గంటలు నడుస్తోంది. ఆ పద్నాలుగు నెలల్లో సీరియల్లో ఒక అత్తగారు కోడలికి ఏడుసార్లు విషం పెట్టింది. ఏడుసార్లూ వైకుంఠరావు కళ్ళముందే పెట్టింది.

"బావగారు హాస్యానికి అన్నారు!" అన్నాడు కొండలరావు.

"లేదండీ. ప్రతి అక్షరం మూడేసిసార్లు అడిగి ఖాయం చేసుకున్నాకే పడుతుంది," అంది హిమజ.

టీవీ ఆపారు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తుందన్న సంగతి అందరికీ అప్పుడే తెలిసింది.

మెదడు అలిసిపోతుందని రోజుకి రెండు గంటలే టోపీ పెట్టేవారు. రెండు గంటల్లో డెబ్భై ఎనభై అక్షరాలు. దాంతో వైకుంఠరావు మనిషే మారిపోయాడు. ఇదివరకు ఆయన మంచినీళ్ళు అడగాలంటే ముందు వాతావరణం గురించి ప్రస్తావించేవాడు. ఇప్పుడు 'నీరు' అంటే నీరే. 'చలి' అంటే దుప్పటే. 'దయచేసి' అనడానికి ఆరు నిమిషాలు పడుతుంది గనక మర్యాద మొదటి వారంలోనే పోయింది. రెండో వారంలో అబద్ధాలు పోయాయి. వాటిల్లో ఒత్తులెక్కువ.

పరామర్శకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గంటసేపు తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పి, "ఏదో మీకంటే నేనే నయం అనుకోండి. ఇంకేంటి సంగతులు?" అన్నాడు. ఆరు నిమిషాలకి తెర మీద 'ఇక వెళు' అని పడింది. ఒత్తు దగ్గర ఆయన కాస్త పొదుపు చేశాడు గానీ పెద్దమనిషికి అర్థమైంది.

ఎవరూ కోప్పడలేదు. పైగా ఆయన మాట గుళ్ళో పూజారి చెప్పిన మాటలా చెల్లిపోయేది. కిటికీ అంటే కిటికీ తెరిచేవారు. రేడియో అంటే ఎదురింటి నుంచి అడిగి తెచ్చి పెట్టేవారు. ఒకరోజు సాయంత్రం ఆయన ఏకంగా పది నిమిషాలు కష్టపడి, రెండు ఒత్తులు భరించి, 'నువ్వు తిన్నావా' అన్నాడు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో భ్రమరాంబ ఆ ప్రశ్న వినడం అదే మొదలు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, కాసేపాగి బయటికొచ్చి, "ఆఁ, తిన్నానండీ," అని అబద్ధం చెప్పింది.

మూడు నెలలు ఇలా గడిచాక హిమజ ఇబ్బందిగా నిలబడింది.

"అంకుల్, పరీక్షా కాలం అయిపోయింది. టోపీ మీ దగ్గరే ఉండాలంటే సర్టిఫికెట్ కావాలండీ. మాట్లాడుతున్నది మీరేనని."

"ఇంకెవరమ్మా?" అంది భ్రమరాంబ.

"నాకు తెలుసండీ. రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే పదిహేను రోజుల్లో తెచ్చెయ్యమన్నారు కాలేజీవాళ్ళు."

అది విన్నాక వైకుంఠరావు ఆ రోజు ఇంకేమీ అడగలేదు. టోపీ తీసేశాక ఆ పద్నాలుగు నెలలు ఎలా ఉన్నాయో ఆయనకి మళ్ళీ గుర్తొచ్చింది. ముక్కు మీద దురద పుట్టి, అది దానంతటది పోయేదాకా మూడు గంటలు చూసిన రోజులున్నాయి.

ఆయన ఇంకా ఉద్యోగంలోనే, సెలవులో ఉన్నాడు గనక, ఆ సర్టిఫికెట్ ఇచ్చే పని సొంత శాఖకే వచ్చింది. శాఖ వెంటనే 'వాగ్వ్యక్తిత్వ నిర్ధారణ సంఘం' అని ఒకటి వేసింది. అధ్యక్షుడు డిప్యూటీ డైరెక్టరు విరూపాక్షం. ప్రభుత్వ వైద్యుడొకాయన సభ్యుడు. కాగితాలు మోసే సభ్యుడు సీనియర్ అసిస్టెంటు తారకేశం. వైకుంఠరావు కుర్చీలో తాత్కాలికంగా కూర్చుని, దానికి కొత్త గుడ్డ తొడుగు కూడా కుట్టించుకున్న మనిషి.

బుధవారం సంఘం ఇంటికొచ్చింది. విరూపాక్షం మంచం పక్కన కుర్చీలో సర్దుకుని, సభలో మాట్లాడుతున్నట్టు గొంతు పెంచాడు. కదలనివాళ్ళకి వినపడదని చాలామందికున్నట్టే ఆయనకీ ఒక నమ్మకం.

"నియమావళి ఏడవ క్లాజును అనుసరించి, ఉపకరణము ద్వారా వెలువడు వాక్కు, సదరు వ్యక్తి యొక్క సహజ ధోరణిలో ఉండవలెను. ఆ మేరకు సంఘము మిమ్మల్ని ప్రశ్నించుచున్నది. మీరు నూకల వైకుంఠరావుగారేనా?"

నాలుగున్నర నిమిషాలు. భ్రమరాంబ కాఫీలు ఇచ్చింది.

'అవును.'

సంఘం సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. విరూపాక్షం కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"తారకేశం, రికార్డులో ఎక్కడైనా వీరు ఈ మాట వాడి ఉన్నారా?"

తారకేశం రెండు సంచుల ఫైళ్ళు తెచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ జవాబులు. "లేదండి. మొత్తం చూశానండి. 'అవును' లేదు, 'కాదు' లేదండి. ఇదిగోనండి, పదేళ్ళ కిందట ఒకాయన 'అయ్యా, ఇది ప్రత్యుత్తరాల శాఖ ఆఫీసేనా' అని ఉత్తరం రాశాడండి. వైకుంఠరావుగారు పేజీన్నర జవాబిచ్చారండి. ఆఖరికి 'తమ ప్రశ్న సంబంధిత శాఖకు పంపబడినది' అని ముగించారండి."

"ఏ శాఖకి?" అన్నాడు వైద్యుడు.

"మనకేనండి. మళ్ళీ వచ్చిందండి."

విరూపాక్షం ఆ పేజీన్నర తీసుకుని కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. ఆయన మొహంలో ఒక భక్తిభావం తొణికింది. "చూడండి డాక్టరుగారూ, ఇది ధోరణి! ఎక్కడా పట్టు దొరకదు. ఈ చేత్తో రాసిన మనిషి, ఆ..." తెర వేపు చూపుడువేలు చూపించాడు, "మూడక్షరాల్లో ఒప్పేసుకుంటాడా?"

"మనిషికి స్పృహ ఉందండీ. ఆలోచన సరిగ్గా ఉంది. ఆయన తలలో ఉన్నది ఆయనే," అన్నాడు వైద్యుడు.

"ఒంట్లో ఆయన ఉన్నారన్నది మీ శాస్త్రం. మాటలో ఆయన లేరన్నది మా రికార్డు. రెండూ ప్రభుత్వానివే. కాదనను." విరూపాక్షం మళ్ళీ గొంతు పెంచాడు. "ఇంకొక అవకాశము ఇచ్చుచున్నాము. మీకు ఈ టోపీ అవసరమా?"

వైకుంఠరావు తొందరపడ్డాడు. చాలా తొందరపడ్డాడు.

'కావాలి.'

"హరిహరీ," అన్నాడు విరూపాక్షం. "ఇది వేరే మనిషి."

సంఘం ఆ రోజే తీర్మానం చేసింది. సర్టిఫికెట్ కావాలంటే పదిహేను రోజుల్లోగా, టోపీ ద్వారా, నూరు మాటలకు తగ్గని ఒక పేరా, వైకుంఠరావు సహజ ధోరణిలో వెలువడాలి. వెలువడకపోతే టోపీ వాపసు. రెండోది, ఇప్పటిదాకా ఆయన తలలోంచి మాట్లాడినవాళ్ళు ఎవరో సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ మేరకు శుక్రవారం ఒక తాఖీదు వచ్చింది.

తెచ్చినవాడు అటెండరు పోలయ్య. చేతిలో కాగితం, రెండో చేతిలో మైదా జిగురు డబ్బా, బ్రష్షు.

"ఇది ఎవరికి పోలయ్యా?" అంది భ్రమరాంబ.

"చదూతానుండండమ్మా." కాగితం దూరంగా పట్టుకున్నాడు. "'శ్రీ నూకల వైకుంఠరావు గారి శిరస్సునందు నివసించుచున్న గుర్తు తెలియని వ్యక్తికి.' ఆ యక్తి చేతికిమ్మన్నారండి. ఆ యక్తి తీసుకోకపోతే నివాసం మీద కనపడే చోట అంటించి, ఇద్దరు సాచ్చులతో ఫోటో తీసుకురమ్మన్నారండి."

"నివాసం అంటే?"

పోలయ్య నొచ్చుకుంటూ మంచం వేపు చూశాడు. "తలేనండి. కనపడే చోటంటే మరి... నుదురే కదండి."

"జిగురు తీసుకుని ఆయన నుదురు మీదకొస్తావా! నీ ఇల్లు బంగారం కాను, బుద్ధుందా?" భ్రమరాంబ చేతిలో అప్పుడే కడిగిన గరిట ఉంది.

"నన్నంటారేటండమ్మా? నాకు మాత్రం బాగుంటదేటండి? అయ్యగారు నాకు రెండుసార్లు సెలవిప్పించారు. అంటించకుండా ఎల్తే నాకు తాఖీదండి. అప్పుడు నా నుదురండి."

మంచం మీద వైకుంఠరావుకి జిగురు వాసన తగులుతోంది. నిజానికి పోలయ్య చేస్తున్నది రూలు ప్రకారం సరైనదే. తలుపు లేని నివాసాల మీద తాఖీదులు అంటించడం ఎలాగో ఆరేళ్ళ కిందట పదకొండు పేజీల్లో మార్గదర్శకాలు రాసింది తనే. అప్పుడు దృష్టిలో ఉన్నవి గుడారాలు.

చివరికి మధ్యేమార్గం భ్రమరాంబకే తోచింది. అద్దానికి అంటించిన స్టిక్కరు బొట్లలో పెద్దవి రెండు తీసుకొచ్చింది. కాగితాన్ని నుదుటి మీద ఆనించి రెండు కొసలా రెండు బొట్లు అంటించింది. సాక్షులుగా ఒక పక్కన కొండలరావు, ఇంకో పక్కన పైవాటా ఆవిడ నిలబడ్డారు. పైవాటా ఆవిడ ఫోటో అనగానే వెళ్ళి చీర మార్చుకొచ్చింది. పోలయ్య ఫోన్లో ఫోటో తీశాడు.

"కాస్త నవ్వండి బావగారూ," అన్నాడు కొండలరావు అలవాటు కొద్దీ.

కాగితం అంచు కనుబొమని గీస్తూ ఉంది. అది తీసేదాకా వైకుంఠరావు, తనలో నివసిస్తున్న గుర్తు తెలియని వ్యక్తీ కలిసి ఓర్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆయన పేరా మొదలుపెట్టాడు.

హిమజ లెక్కగట్టి చెప్పింది. "అంకుల్, మీ ఆఫీసు భాషలో ఒక్కో మాటా ఒక్కో రైలు బండి అండీ. వంద మాటలంటే ఎంత లేదన్నా ఐదువందల అక్షరాలు. ఇన్ని ఒత్తులతో రోజుకి రెండు గంటల్లో ముప్ఫై ఆరు దాటవు, అంటే సరిగ్గా పద్నాలుగు రోజులు. మధ్యలో ఒక్క మాట కూడా వేరేది చెప్పకూడదు. తప్పు పడితే దిద్దడానికి టైముండదు."

మొదటి రోజు 'పై సూచికల యందు ఉదహరింపబడిన విషయమును' అన్నంతవరకూ వచ్చింది. రెండో రోజంతా 'పురస్కరించుకొని', దాని తోకకి ఇంకో నాలుగైదు మాటలూ. మూడో రోజు పొద్దున టోపీ పెట్టగానే ఎడమ చెంప మీద దోమ వాలింది. 'దోమ' అంటే రెండక్షరాలు, మూడు నిమిషాలు. భ్రమరాంబ పక్కనే ఉంది, చేతిలో విసనకర్ర కూడా ఉంది. వైకుంఠరావు దోమ గురించి ఆలోచించి, 'తదనుగుణముగా' అనే మాటకేసి నడిచాడు. దోమ తీరిగ్గా భోంచేసి వెళ్ళింది.

"ఏవండీ, దాహంగా ఉందా?"

'సదరు', అంది తెర.

"చలేస్తోందా? దుప్పటి కప్పనా?"

'సంఘము వారు'.

భ్రమరాంబ ఆరో రోజున హిమజతో అనేసింది. "మూడు నెలలు మా ఆయన మాట్లాడారు తల్లీ. ఇప్పుడు ఆ నోట్లోంచి ఆఫీసు మాట్లాడుతోంది. దాహమో కాదో తెలీక గంటకోసారి గొంతు తడుపుతున్నాను. ఇలా అయితే ఆ టోపీ ఉండి ఏం లాభం?"

"ఆయన మాట మిగలాలనే కదాండీ ఇదంతా."

"మాట మిగలడానికి మాటలన్నీ దీనికి పోసెయ్యాలా?"

వైకుంఠరావు విన్నాడు. జవాబు చెప్పాలనిపించింది. జవాబు చెప్తే ఒక రోజు పోతుంది. ఇదివరకు తను రోజుకి నలభై ఇలాంటి పేరాలు, మధ్యలో టీ తాగుతూ, పక్కవాడితో క్రికెట్ మాట్లాడుతూ రాసిపారేసేవాడు. ఒక్కదానికీ చెమట పట్టలేదు. అవి చదివినవాళ్ళకి పట్టి ఉండొచ్చన్న అనుమానం మొట్టమొదటిసారి తొమ్మిదో రోజున, 'పర్యంతము' దగ్గర వచ్చింది. పదకొండో రోజున ఒళ్ళు వెచ్చబడింది. పద్నాలుగో రోజు సాయంత్రం ఆఖరి మాట పడేసరికి తెర మీద నూట ఒక్క మాటలున్నాయి. ఒకటి ఎక్కువే. ఆఫీసులో ఎప్పుడూ అలాగే వేసేవాడు.

మర్నాడు సంఘం వచ్చింది. విరూపాక్షం లేచి నిలబడి పైకి చదివాడు. పూర్తిగా ఇక్కడ ఇస్తే పాఠకులకి జ్వరం వస్తుంది. నడిమి భాగం ఇది:

'...తమ సదరు సంఘము వారు కోరిన మీదట, ఈ దిగువ సంతకము చేయజాలని వాడనైన నేను, నేను కాననుటకు తగిన ఆధారములు ఏవియు ప్రస్తుతము నా అధీనమునందు లేనందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము నేనుగానే కొనసాగుచుండుటకు గల సాధ్యాసాధ్యములను...'

విరూపాక్షం ఇంకోసారి చదివాడు.

"డాక్టరుగారూ, మీకేమైనా అర్థమైందా?"

"లేదండీ."

"తారకేశం?"

"అస్సలు లేదండి."

"నాకూ కాలేదు." విరూపాక్షం జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "ఇంక సందేహమేముంది? వీరే! ఎక్కడికి వెళ్ళిపోయారు వైకుంఠరావుగారూ ఇన్నాళ్ళూ!"

సర్టిఫికెట్ అక్కడికక్కడే రాశాడు. మనసు కరిగినప్పుడు ఆయన కలానికి అదుపుండదు. 'సదరు టోపీ ద్వారా ఇది మొదలుకొని వెలువడు ప్రతి అక్షరమూ శ్రీ వైకుంఠరావుగారి స్వీయవాక్కే. దీనిని శంకించిన అధికారి ఎంతటివారైనను క్రమశిక్షణా చర్యకు పాత్రులగుదురు' అని రాసి, సంతకం చేసి, గుండ్రటి ముద్ర కొట్టి, ఇంకా మిగిలిన చోట ఇంకో ముద్ర కొట్టాడు.

భ్రమరాంబ చేతులు జోడించింది. "అయితే టోపీ మాకుంటుందాండీ?"

"నిస్సందేహంగా! పేరా రాయగల ఉద్యోగి సెలవులో ఉండటానికి వీల్లేదు గనక, వీరు రేపటి నుంచి విధుల్లో ఉన్నట్టే. టోపీని కాలేజీ నుంచి శాఖ కొనేస్తుంది గనక అది కార్యాలయ సామగ్రి అవుతుంది. విధుల్లో ఉన్నంతకాలం వీరి తల మీదే ఉంటుంది. సొంతపనులకు మాత్రం వాడరాదు. దాహము మొదలైనవి సొంతపనులే."

"అప్పుడు మంచినీళ్ళు ఎలా అడుగుతారండీ?"

"పని వేళల తర్వాత," అన్నాడు విరూపాక్షం. పని వేళలు ఆ రెండు గంటలే.

మర్నాడు తారకేశం ఆటోలో ఉత్తరాల సంచులు దింపించాడు. తొమ్మిదేళ్ళ నాటి పెండింగు.

"గురువుగారూ, మీ సీటు మీరే చూసుకోండి. పని మీది, సంతకం నాది, తల మీది. నాకేం అభ్యంతరం లేదండి." తారకేశం ఒక్కో ఉత్తరం పైకి చదివి, కుర్చీలో వాలి, కళ్ళు మూసుకునేవాడు. ఒక్క జవాబుకి రెండు వారాలు పడుతుంది కదా, ఈ లెక్కన తను రిటైరయ్యేలోగా రెండొందల ఉత్తరాలు దాటవని మనసులో తేల్చుకున్నాడు.

మొదటి ఉత్తరం ఒక రైతుది. 'అయ్యా, మా పెరట్లోంచి వేసిన ఇనప గొట్టం మీ శాఖదేనా? మీదయితే తీసెయ్యవచ్చునా? దాని మీద పడి మా దూడ కాలు విరిగినది.' దీనికి ఇదివరకు నాలుగు జవాబులు వెళ్ళాయి. నాలుగూ వైకుంఠరావు రాసినవే. నాలుగింటికీ కలిపి రైతు అడిగింది ఒక్కటే, ఇందులో ఏముందో కాస్త చెప్పగలరా అని.

వైకుంఠరావు చెవుల్లో గొంతు మొదలైంది. అచ్చులు... క వర్గం... ఆయనకి పురస్కరించుకునే ఓపిక లేదు. ఉన్నా, దూడ కాలు దగ్గర 'తదనుగుణముగా' అనడానికి మనసొప్పలేదు.

'మాదే. తీసెయ్.'

తారకేశం కళ్ళు తెరిచేసరికి తెర మీద జవాబుంది. తెల్లబోయాడు. సంతకం పెట్టనందామంటే సర్టిఫికెట్ గోడ మీద ఫ్రేము కట్టి వేలాడుతోంది. శంకించిన అధికారి ఎంతటివారైనను. తారకేశం అంతటివాడు కూడా కాదు. సంతకం పెట్టాడు.

ఆ రోజు పదిహేను జవాబులు వెళ్ళాయి. తను పంపిన అర్జీ అందిందా అని ఏడేళ్ళుగా అడుగుతున్న మాస్టారికి 'అందింది. పోయింది.' రికార్డులో తన పేరు బదులు తన అత్తగారి పేరు పడిందని మొత్తుకుంటున్న ఒకావిడకి, ఒత్తు సంగతి చూసుకోకుండా, 'మా తప్పు.' ఇంకా ఎన్నాళ్ళు ఎదురు చూడాలి అన్నవాడికి 'ఆగకు.'

'మా తప్పు' అనే కాగితం ప్రభుత్వ ముద్రతో చూసి ఆవిడ దాన్ని పోస్టుమాన్ చేత మూడుసార్లు చదివించుకుందట. పోస్టుమాన్ దాన్ని ఊళ్ళో అందరికీ చూపించాడట. దూడ యజమాని గొట్టం పీకేసి, ఒక గెల అరటిపళ్ళు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. గేటు దగ్గర పోలయ్య, కృతజ్ఞతలు చెప్పడానికొచ్చేవాళ్ళని ఏ కౌంటరుకి పంపాలో తెలియక ఆయన్ని ఫిర్యాదుల కౌంటరుకి పంపాడు.

ఇదంతా ఎలాగో భరించేవారేమో. మూడో వారంలో అసలు ప్రమాదం బయటపడింది. ఆఫీసుకి ఉత్తరాలు రావడం మానేశాయి. శాఖకి వచ్చే ఉత్తరాల్లో నూటికి తొంభై, అంతకుముందు వెళ్ళిన జవాబు అర్థంకాక రాసినవే. జవాబు అర్థమయ్యాక మళ్ళీ రాయాల్సిన పని జనానికి కనిపించలేదు. తపాలా గుమస్తా ఖాళీ బుట్ట ముందు కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఉత్తరాలు లేని ప్రత్యుత్తరాల శాఖ ఎందుకని పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న పొరపాటున జవాబు కోసం వైకుంఠరావు సంచిలో పడింది. ఆయన 'అనవసరం' అన్నాడు. తారకేశం దాని మీదా సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే విరూపాక్షం ఒక్కడే, కారు వీధి చివర ఆపించి, నడిచి వచ్చాడు. ఈసారి గొంతు పెంచలేదు.

"అమ్మా, కొంచెం మజ్జిగ ఇప్పిస్తారా," అని, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "వైకుంఠరావుగారూ, నలభై రెండు కుటుంబాలండీ. నలభై రెండు కుటుంబాలు మన శాఖ మీద బతుకుతున్నాయి. మీ పేరా చదివి నేను ఏడ్చాను. మళ్ళీ ఆ ధోరణిలోకి రాలేరా?"

ఐదు నిమిషాలు గడిచాయి.

'రాలేను.'

"పోనీ, ఇది మీరు కాదని సంఘం చేత..." అని ఆగిపోయాడు. గోడ మీద ఫ్రేములో తన సంతకమే తనని చూస్తోంది. రెండు ముద్రలు. "కాదులెండి. అంటే నా మీదే చర్య. అయితే ఒక్కటే మార్గం. మీరు ఆరోగ్య కారణాల మీద విశ్రాంతి తీసుకోండి. సన్మానం చేస్తాం. శాలువా, దండ, జ్ఞాపిక. మీరు ఒప్పుకుంటే చాలు."

విధుల్లోంచి దిగితే టోపీ కార్యాలయానికి పోతుందని భ్రమరాంబకి తెలుసు. మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ తెరకేసి చూసింది. విరూపాక్షం చూశాడు. చెవుల్లో గొంతు ట వర్గం అంది. వైకుంఠరావు ఆఁ అనుకున్నాడు.

'టోపీ నాకు.'

"మీకా? అది కార్యాలయ సామగ్రి అండీ! రూలు..." విరూపాక్షం గబగబా ఆలోచించాడు. టోపీ కార్యాలయానిదే అయితే, అది కార్యాలయంలో ఉంటుంది. కార్యాలయంలో ఉంటే రేపు ఇంకెవడో తలకి పెట్టుకుంటాడు. పెట్టుకున్నవాడు మూడక్షరాల్లో జవాబులిస్తాడు. ఆయనకి చెమట పట్టింది. "అవును, అవును. ఆ టోపీ ఏనాటికీ మళ్ళీ ప్రభుత్వానిది కారాదు! కాగితం ఉందా అమ్మా?"

మంచం పట్టీ మీద కాగితం పెట్టి రాశాడు. 'సదరు టోపీ, దానిలోంచి వచ్చు మాటలతో సహా, శ్రీ వైకుంఠరావుగారి సొంత ఆస్తి. దానితో గాని, ఆ మాటలతో గాని ఈ శాఖకు ఏ నాటికీ ఏ విధమైన సంబంధమూ లేదు.' భ్రమరాంబ ఆ కాగితం రెండు చేతులా తీసుకుని, చదివి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసింది. విరూపాక్షం మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు పది గంటలకి టోపీ పెట్టేటప్పుడు గదిలో బయటివాళ్ళెవరూ లేరు. ఉత్తరాల సంచుల్లేవు, హిమజ కూడా కాలేజీకి వెళ్ళిపోయింది. భ్రమరాంబ గుమ్మంలో పీట వాల్చుకుని, పళ్ళెంలో బెండకాయలు పోసుకుని కత్తిపీట ముందు కూర్చుంది.

తెర మీద ఒక్కో అక్షరమే పడింది.

'బెండ వద్దు.'

నాలుగు నెలలుగా ఆ తెర మీద పడ్డ ఏ మాటకీ ఆ ఇంట్లో ఎదురు లేదు. భ్రమరాంబ తలెత్తి చదివింది. పళ్ళెం చూసింది. మళ్ళీ తెర చూసింది.

"వద్దంటే ఎలా? ఇంట్లో ఇవే ఉన్నాయి. నిన్ననగా తెచ్చినవి, ముదిరిపోతాయి. అయినా మీకు వేసేది ట్యూబులో రసం, కూర నాకు కదా! నేను తినేదానికి మీ పెత్తనమేంటండీ?"

గొడవ. తనతో గొడవ పడుతోంది. పద్దెనిమిది నెలల తర్వాత ఎవరో ఆయన మాటకి అడ్డం చెప్పారు. వైకుంఠరావు మొహంలో ఏమీ కదల్లేదు. కదిలే అవకాశం లేదు. కానీ ఆయన చెవుల్లో గొంతు ఎప్పుడెప్పుడు య వర్గానికి వస్తుందా అని ఆయన జన్మలో ఎప్పుడూ అంత ఆత్రంగా ఎదురు చూడలేదు.

'వా', అంది తెర.

"వా? వాసనా? కూర వాసనొస్తుందనా?" భ్రమరాంబ కత్తిపీట పక్కకి జరిపి, చేతులు చీరకొంగుకి తుడుచుకుని, పీట మంచం దగ్గరికి లాక్కుంది. "ఊఁ, కానివ్వండి. ఏమంటారో అనండి, నేనూ చూస్తాను. నాకేం తొందర లేదు."